దానియేలు గారి గేరు చెయ్యి

2007 నాటి మాట. అప్పటికి నేను తెనాలి బోసు రోడ్డు పక్క సందులో కంప్యూటర్ల షాపు పెట్టి ఆరేళ్లయింది. కంపెనీ పేరుతో సీలు వేసి వచ్చే కంప్యూటర్ కొనగలిగిన వాళ్లు మా వైపు తక్కువ. విడిభాగాలు విజయవాడ నుంచి తెచ్చి, కొనేవాళ్ల చేతిలో ఉన్న డబ్బును బట్టి ఏరి, బిగించి ఇవ్వడమే మా పని. దాన్ని ‘అసెంబుల్డ్ సిస్టమ్’ అనేవాళ్లం. ఎక్కువగా ఇంజనీరింగ్ పిల్లలు వచ్చేవారు, వెంట వాళ్ల నాన్నలు. చదువుకోసమని నాన్న నమ్మేవాడు, ఆటలకి పనికొచ్చేలా పెట్టమని పిల్లాడు నాకు కళ్లతో చెప్పేవాడు. ఆ బేరాలన్నీ ఒకే మూసలో ఉండేవి. అందుకే చాలావరకు మరిచిపోయాను. మరిచిపోనిది ఒకటుంది.

వానలు మొదలైన రోజుల్లో ఒక శనివారం మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది. ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్లుంటాయి. పేరు కరుణ. సొంతూరు రేపల్లె, బాపట్లలో ఒక స్కూల్లో టీచరు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“గేమ్స్ ఆడటానికి కంప్యూటర్ కావాలండి,” అంది.

“తమ్ముడికా అమ్మా?”

“కాదండి. మా నాన్నకి.”

నేను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాను. ఆమె చెప్పింది విన్నాక నవ్వనందుకు సంతోషించాను.

నాన్న పేరు దానియేలు. యాభై రెండేళ్లు. ఇరవై ఏడేళ్లు లారీ నడిపారు. రేపల్లె నుంచి బియ్యం వేసుకుని అటు నల్లమల ఘాట్ మీదుగా కర్నూలు, ఇటు మద్రాసు వెళ్లేవారు. తొమ్మిది నెలల కిందట పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. చెయ్యి మాత్రం రాలేదు. రోజూ రబ్బరు బంతి నొక్కమని ఫిజియోథెరపీ ఆయన చెప్పారు. నాలుగు రోజులు నొక్కి, అయిదో రోజు ఆ బంతిని పెరట్లోకి విసిరేశారట.

“మా నాన్న బద్ధకస్తుడు కాదండి. ఆ బంతి నొక్కితే ఏం కదుల్తుంది, ఎక్కడికెళ్తుంది అంటారు. ప్రయోజనం లేని పని ఆయన చెయ్యలేరు.”

ఆమె అద్దెకుండే గది పక్కన, బాపట్లలో, కాలేజీ కుర్రాళ్లు గంటకింతని ఇచ్చి ఆడుకునే గేమింగ్ సెంటర్ ఒకటుంది. ఒకసారి నాన్నని డాక్టరుకు చూపించడానికి బాపట్ల తీసుకొచ్చినప్పుడు, ఆయన ఆ గుమ్మం దగ్గర నిలబడిపోయారు. లోపల ఒక కుర్రాడు స్టీరింగ్ పట్టుకుని తెర మీద లారీ నడుపుతున్నాడు. కొండ ఎక్కుతున్న లారీ అది.

“గేరు దించకుండా ఎక్కుతావేంట్రా, ఇంజను ఏడుస్తోంది వినపడట్లా?” అని అరిచారట.

ఆ కుర్రాడు లేచి, “మీరు రండి అంకుల్,” అన్నాడు. ఆయన కూర్చున్నారు. కుడి చేత్తో స్టీరింగ్ పట్టుకున్నారు. కొండ ఎక్కుడు వచ్చింది. అప్పుడు, తొమ్మిది నెలలుగా ఒళ్లో పడుండే ఎడమ చెయ్యి దానంతటదే లేచి పక్కకి వెళ్లింది, గేరు రాడ్డు కోసం వెతుక్కుంటూ.

“అక్కడ రాడ్డు లేదండి. ఆ స్టీరింగ్‌కి గేరు కుడిపక్కనుంది. చెయ్యి ఖాళీలో తడుముకుని పడిపోయింది. కానీ లేచిందండి. నేను చూశాను,” అంది కరుణ. అప్పుడు కూర్చుంది.

ఆ ఆట సక్రమంగా నడవడానికి ఏమేం కావాలో కాగితం మీద రాసి చూపించాను. ఈ పని తెలియని వాళ్ల కోసం ఇక్కడ కాస్త చెప్పాలి. ప్రాసెసర్ అంటే లెక్కలు చేసే బుర్ర. ర్యామ్ అంటే పని జరుగుతున్నంతసేపూ సామాను పరుచుకునే బల్ల. గ్రాఫిక్స్ కార్డు బొమ్మలు గీసేది, ఆటలకి అదే ప్రాణం. ఇవన్నీ బిగించే పలక మదర్‌బోర్డు. గోడలోంచి వచ్చే కరెంటును తీసుకుని, ఒక్కో భాగానికి కావలసిన వోల్టేజీలో పంచిపెట్టే ఇనపడబ్బా ఒకటుంటుంది, దాన్ని ఎస్ఎంపీఎస్ అంటారు. కొనేవాళ్లు దాని పేరు కూడా అడగరు.

మొత్తం ఇరవై తొమ్మిది వేలయింది. ఆమె కాగితం చివరిదాకా చదివి, “నా దగ్గర ఇరవై ఉన్నాయండి. అప్పు చెయ్యను,” అంది.

“కష్టం అమ్మా.”

“ఒక్కొక్కటే చూద్దామండి.”

వేలు మొదటి వరుస మీద పెట్టింది. “ఇది చిన్నది పెడితే లారీ నడవదా?”

“నడుస్తుంది.”

“అయితే చిన్నదే పెట్టండి.”

అలా ఒక్కో వరుస దగ్గరా అదే ప్రశ్న. ప్రాసెసర్ ఒక మెట్టు దిగింది. హార్డ్ డిస్క్ సగమైంది. సీడీలు రాసే డ్రైవ్ పోయి, చదివేది మిగిలింది. మానిటర్ వాడినది చాలంది. స్పీకర్ల దగ్గరకొచ్చాక, నేనే కొట్టేయబోతే నా పెన్ను పట్టుకుని ఆపింది.

“అవి మంచివే పెట్టండి. మా నాన్న చూసి కాదండి గేరు మార్చేది. చప్పుడు విని మారుస్తారు.”

ఆరేళ్లలో ఏ ఇంజనీరింగ్ పిల్లాడూ తనకేం కావాలో అంత కచ్చితంగా చెప్పలేదు. స్పీకర్లు ఉంచాను.

తర్వాతది గ్రాఫిక్స్ కార్డు. కొత్తది కొంటే బడ్జెట్‌లో ఇమడదు. బాపట్ల గేమింగ్ సెంటర్ వాళ్లు దుకాణం ఎత్తేస్తున్నారని, సామాను అమ్ముతున్నారని కరుణే చెప్పింది. సోమవారం పొద్దున్నే రైలెక్కి బాపట్ల వెళ్లాను. అక్కడ తొమ్మిది కార్డులున్నాయి. ఒక్కొక్కటీ బిగించి ఆట నడిపి చూశాను. కొన్నిటి ఫ్యాన్లు గీరుకుంటున్నాయి, రెండింటికి తెర మీద గళ్లు పడుతున్నాయి. ఏడోది బాగుంది. కొత్తదాని ధరలో సగం కన్నా తక్కువకి వచ్చింది. గేరు కుడిపక్కనున్న ఆ స్టీరింగ్‌ని, కాలి పెడల్స్‌తో సహా, ఆ కార్డుతో పాటే కొన్నాను.

షాపుకొచ్చి ఆ గేరు రాడ్డుని ఊడదీశాను. లోపల ఉన్నవి రెండు చిన్న స్విచ్చులు, మూడు తీగలు. ముందుకు తోస్తే ఒకటి, వెనక్కి లాగితే ఇంకొకటి. తీగల్ని మూరెడు పొడవు పెంచి, ప్లైవుడ్ చెక్క మీద రాడ్డుని ఎడమపక్కకి బిగించాను. ఆ పని నాకు చాలా నచ్చింది. దాన్ని పదిసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి చూసుకున్నాను.

ఇక చివరి వరుస ఎస్ఎంపీఎస్. మంచిది విడిగా కొనాలి. చవకరకం అయితే ఇవన్నీ పట్టే పెట్టె, కేబినెట్‌తో పాటే వస్తుంది. దాని మీద 450 వాట్లని స్టిక్కరుంది. చేత్తో ఎత్తి చూస్తే తేలిగ్గా ఉంది. ఈ పనిలో ఉన్నవాడికి ఆ బరువు చాలు, లోపల రాగి, ఇనుము ఎంతున్నాయో తెలియడానికి. కరుణకి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను. పధ్నాలుగు వందలు తేడా వస్తుందన్నాను. ఆమె మళ్లీ అదే అడిగింది.

“చవకది పెడితే లారీ నడవదాండి?”

“నడుస్తుందమ్మా,” అన్నాను.

ఎందుకన్నానంటే, లెక్క ఇరవై వేల దగ్గర సరిగ్గా ఆగింది కాబట్టి. చక్కగా కుదిరిన లెక్కని చెడగొట్టబుద్ధి కాలేదు. ఇందులో ఇంకే కారణమూ లేదు.

షాపులో పావుగంట ఆట నడిపి చూసి, అట్టపెట్టెల్లో సర్ది, ఆదివారం రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. దానియేలు గారు గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పెద్ద మనిషి, వెడల్పాటి భుజాలు. ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నారు. ఎవరిదో వస్తువును జాగ్రత్త చేసినట్టు ఉంది.

“నువ్వేనా తెనాలి మెకానిక్కువి?” అన్నారు.

“అవునండి బాబాయ్‌గారూ.”

“రాడ్డు ఎడం పక్కన పెట్టావంట?”

“పెట్టానండి.”

అంతా అమర్చేదాకా నా చేతుల వంకే చూస్తున్నారు. ఆయన భార్య మార్తమ్మ గారు టీ తెచ్చారు, అది చల్లారిపోయింది. తెర మీద లారీ కదిలింది. చదునైన రోడ్డు మీద ఒంటిచేత్తో బాగానే నడిపారు. ఎక్కుడు మొదలవగానే ఇంజను చప్పుడు బరువెక్కింది. ఎడమ చెయ్యి వణుకుతూ లేచింది. రాడ్డుని తాకింది, జారింది. లారీ ఆగిపోయింది. ఆయన మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారీ జారింది. మూడోసారి వేళ్లు మూసుకోలేదు కానీ, అరచేతి అడుగుతో రాడ్డుని ముందుకు నెట్టారు. ‘టక్’మని గేరు పడింది.

మార్తమ్మ గారు కొంగుతో నోరు మూసుకున్నారు. ఆయన మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. “లోడు బండి ఇది. జోరుగా పోకూడదు,” అన్నారు తనలో తాను. అంతలో కరెంటు పోయింది. అందరం నవ్వుకున్నాం. నేను సాయంత్రం బండికి తెనాలి వచ్చేశాను, ఏదో గొప్ప పని చేసినవాడిలా.

పది రోజుల తర్వాత, సెలవుకి ఇంటికొచ్చిన కరుణ ఫోన్ చేసింది. ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోయి, మళ్లీ మొదట్నుంచి మొదలవుతోందట. పావుగంటకో, ఇరవై నిమిషాలకో, ఎప్పుడని లేదు. షాపులో అప్పుడు నలుగురున్నారు. ఒకాయన ప్రింటర్ గురించి గొడవ పెట్టుకుంటున్నాడు.

“నాన్నగారు ఏదో తప్పు నొక్కి ఉంటారమ్మా. ఆ చెయ్యి జారి కీబోర్డు మీద పడుతోందేమో, చూసుకోమనండి,” అన్నాను.

“అలాగేనండి,” అని పెట్టేసింది.

అది మా పనిలో అందరం అనే మాటే. ఏ కంప్యూటర్ చెడినా ముందు ‘మీరేదో నొక్కి ఉంటారు’ అంటాం. సగంసార్లు నిజం కూడా అవుతుంది. మిగతా సగంసార్లు మనకి వారం రోజులు వ్యవధి దొరుకుతుంది.

వారం గడిచింది. ఈసారి ఫోన్‌లో కరుణ గొంతు వేరుగా ఉంది. “నాన్న ఆపేశారండి. ఆ గదిలోకే వెళ్లట్లేదు. దాని మీద దుప్పటి కప్పేశారు.”

“ఎందుకమ్మా?”

“చెయ్యి ఎక్కడ పడుతోందో తనకే తెలియట్లేదంటున్నారు. చూసుకుంటూ కూడా నడిపారండి, కీబోర్డు తీసేసి బల్ల కింద పెట్టుకుని మరీ నడిపారు. అయినా ఆగిపోయింది. ‘ఆ తెనాలి అబ్బాయి చెప్పింది నిజమే. నాకు తెలియకుండానే ఏదో చేస్తోంది ఈ చెయ్యి. ఇక దీన్ని నమ్మలేను’ అన్నారు. అన్నం కూడా సరిగా తినట్లేదు.”

“నేను అన్న మాట ఆయనకెందుకు చెప్పావమ్మా?”

“నేను చెప్పలేదండి. పక్కనే కూర్చున్నారు. మీ మాట బయటికి వినపడింది.”

కీబోర్డు తీసేసినా ఆగిందంటే మనిషి తప్పు కాదు. ఎవరి తప్పో నాకు తెలుసు. ఆ ఎస్ఎంపీఎస్ డబ్బా బరువు నా చేతికింకా గుర్తుంది.

మర్నాడు పొద్దున్నే షాపు మూసి, సంచిలో మంచి ఎస్ఎంపీఎస్ ఒకటి, మల్టీమీటర్ పెట్టుకుని రేపల్లె బండెక్కాను. వేమూరు దాటేదాకా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. చల్లగా మార్చేసి, వైరస్ ఉంది తీసేశాననొచ్చు. అలాంటివి నేను అదివరకు చెప్పాను. భట్టిప్రోలు వచ్చేసరికి అది కుదరదని తేల్చుకున్నాను. డబ్బా మారిస్తే కంప్యూటర్ బాగవుతుంది. కానీ ఆయన తన చేతిని అనుమానిస్తున్నారు. తప్పు ఎక్కడుందో ఆయన కళ్లతో చూడకపోతే ఆ అనుమానం పోదు.

కరుణ సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. దానియేలు గారు మంచం మీద గోడకేసి తిరిగి పడుకున్నారు.

“బాబాయ్‌గారూ, ఒకసారి లేచి రావాలండి. మీకొకటి చూపించాలి.”

“నువ్వు చూసుకో బాబూ. నాతో పనేంటి?”

“మీతోనే పనండి. మీరు నడపకపోతే నాకు తెలియదు.”

చాలాసేపు బతిమాలాక లేచారు. కంప్యూటర్ పక్క రేకు విప్పి, పన్నెండు వోల్టుల తీగకి మల్టీమీటర్ పెట్టాను. కరెంటు ఎంత బలంగా వస్తోందో అంకెల్లో చూపించే పరికరం అది. ఆయనకి కనపడేలా తెర పక్కన నిలబెట్టాను.

“ఇక్కడ పన్నెండు ఉండాలండి. కొంచెం తగ్గినా ఫర్వాలేదు. పదకొండున్నర లోపుకి పోకూడదు. మీరు బండి తీయండి. ఈ అంకె చూస్తుండండి.”

ఆట మొదలుకాక ముందు పదకొండు పాయింట్ ఎనిమిది ఉంది. లారీ కదిలాక పదకొండున్నర. ఊరు దాటి, చెట్లూ కొండలూ వచ్చేసరికి పదకొండు పాయింట్ రెండు. గ్రాఫిక్స్ కార్డు ఎంత ఎక్కువ గీస్తే అంత కరెంటు లాగుతుంది. ఆయన ఎక్కుడు దగ్గర రాడ్డు మీద చెయ్యి వెయ్యబోయారు.

“వద్దండి. చెయ్యి ఒళ్లో పెట్టుకోండి. ఏదీ ముట్టుకోకండి.”

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు. కాలు మాత్రం పెడల్ మీదే ఉంచారు, లారీ మెల్లగా దొర్లుతోంది. అంకె పది పాయింట్ తొమ్మిదికి వచ్చింది. తెర నల్లబడింది. కంప్యూటర్ మళ్లీ మొదలైంది.

ఆయన ఆ అంకె వంకే చూస్తూ, “లోడుతో ఎక్కుడెక్కేటప్పుడు డీజిల్ అందక ఇంజను ఆగినట్టా?” అన్నారు.

“సరిగ్గా అంతేనండి. అందించే డబ్బా చవకది. అది చాలదని నాకు అనుమానం ఉంది. అయినా పెట్టాను.”

“మరి డ్రైవర్ తప్పన్నావేంటి?”

ఆ గొంతులో కోపం లేదు. కరుణ నా వైపు, మార్తమ్మ గారు నేల వైపు చూస్తున్నారు.

“తప్పు నాదండి. చూడకుండానే మీ మీదికి తోసేశాను. మీ చెయ్యి ఏమీ చెయ్యలేదు,” అన్నాను.

ఆయన ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, తిప్పి, అరచెయ్యి చూసుకున్నారు. తర్వాత, “సరే, బిగించు,” అన్నారు.

కొత్త డబ్బా బిగించాను. డబ్బు తీసుకోలేదు. కరుణ ఇవ్వబోతే దానియేలు గారే, “ఉంచమ్మా, అది ఆయన ఇచ్చుకోవాల్సిందే,” అన్నారు. ఈసారి ఎక్కుడులో కూడా అంకె పదకొండు పాయింట్ ఎనిమిది దగ్గర కదలకుండా నిలబడింది.

ఆ రోజు ఆటలో ఆయన ఒక ఊళ్లో సరుకు ఎక్కించుకుని ఇంకో ఊళ్లో దించాలి. దారి పొడుగునా కొండలే. గంట దాటేసరికి భుజం వణుకుతోంది, చెమటకి చొక్కా తడిసింది. “కాసేపు ఆపండి నాన్నా,” అంది కరుణ.

“సరుకు దించేదాకా ఆపకూడదు.”

రాడ్డు మీంచి చెయ్యి ఎన్నిసార్లు జారిందో నేను లెక్కపెట్టలేదు. జారిన ప్రతిసారీ కుడి చేత్తో దాన్ని ఎత్తకుండా, అదే లేచేదాకా ఆగారు. వెనక లారీలు హారన్ కొడుతుంటే, “కొట్టండ్రా, కొట్టండి,” అన్నారు. గంటన్నర తర్వాత ఆ లారీ గోడౌన్ ముందు ఆగింది. సరుకు దిగిందని తెర మీద అక్షరాలు పడ్డాయి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, “రేపు తిరుగు లోడు,” అన్నారు.

అద్భుతాలేవీ జరగలేదు. ఆయన మళ్లీ లారీ ఎక్కలేదు, డాక్టర్లు ఒప్పుకోలేదు. అయితే ఆరు నెలలకి వేళ్లు రాడ్డు చుట్టూ మూసుకునేవి. గ్లాసు పట్టుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం వచ్చాయి. బొటనవేలు మాత్రం పూర్తిగా రాలేదు. ఫిజియోథెరపీ ఆయన ఆ స్టీరింగ్ చూడటానికి ఇంటికి వచ్చి, ఇంకో ఇద్దరిని అలాంటిది కట్టించుకోమని నా దగ్గరికి పంపారు. తర్వాతి ఏడాది దానియేలు గారు రేపల్లెలోనే ఒక రైసుమిల్లులో, బయటికెళ్లే లారీల లోడు తనిఖీ చేసే పనిలో చేరారు. కొత్త డ్రైవర్లు ఆయనంటే భయపడేవారని కరుణ చెప్పింది.

ఆ తర్వాత నా పద్ధతులు కొన్ని మారాయి. బడ్జెట్ ఎంత తక్కువైనా కాగితం మీద మొదట ఎస్ఎంపీఎస్ రాసి, మిగిలిన దానిలో మిగతావి ఏరేవాణ్ణి. ఏ కంప్యూటరైనా రెండు గంటలు బరువైన ఆట నడిపి, మల్టీమీటర్ పెట్టి చూడకుండా గడప దాటనివ్వలేదు. ఇవి ఎవరైనా నేర్చుకోగల సంగతులే.

నాకు తెలిసొచ్చిన అసలు సంగతి వేరే ఉంది. కంప్యూటర్ లోపల ఏముందో తెలియని మనిషి, దాని గురించి మనమేం చెబితే అది నమ్ముతాడు. ‘మీ తప్పే’ అంటే, కంప్యూటర్‌ని వదిలేసి తన మీద తనే నమ్మకం పోగొట్టుకుంటాడు. తొమ్మిది నెలల తర్వాత లేచిన చేతిని నేను తెనాలిలో కూర్చుని, ప్రింటర్ గొడవ మధ్య, ఒక్క మాటతో మళ్లీ పడుకోబెట్టాను. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా, ఎంత రద్దీలో ఉన్నా, నాకు తెలియకపోతే ‘నాకు తెలియదండి, వచ్చి చూస్తాను’ అంటున్నాను. ఆ మాట అనడానికి ఇప్పటికీ కొంచెం కష్టంగానే ఉంటుంది.